సింథటిక్ ఆయిల్ డబ్బా వెనక్కి తిప్పి చదవండి: మీ ఇంజిన్‌కి ఏ ఆయిల్ సరిపోతుందో తేల్చుకునే పద్ధతి

"మంచి ఇంజిన్ ఆయిల్ ఏది?" అని అడిగితే నా దగ్గర జవాబు లేదు, ఎవరి దగ్గరా ఉండదు. "ఫలానా ఇంజిన్‌కి ఏ ఆయిల్?" అని అడిగితే మాత్రం పక్కా జవాబు ఉంటుంది, అది కూడా చాలాసార్లు మీ బండి డ్యాష్‌బోర్డు అరలోనే మాన్యువల్ రూపంలో పడుంటుంది. తేడా ఏంటో నాకు మా బావ బండితో తెలిసింది. ఆయన సెకండ్ హ్యాండ్‌లో ఒక డీజిల్ కారు కొన్నాడు, బండి అంటే ప్రాణం, అందుకని షాపులో ఉన్నవాటిలో ఖరీదైన ఫుల్ సింథటిక్ ఏరి మరీ పోయించేవాడు. గ్రేడ్ కూడా మాన్యువల్లో ఉన్నదే, 5డబ్ల్యూ-40. మూడు సార్లు అదే పోశాక పొగ ఫిల్టర్ లైటు వెలగడం, బండి పికప్ చచ్చిపోవడం, మళ్ళీ మళ్ళీ రీజెనరేషన్‌కి, అంటే ఫిల్టర్లో చేరిన మసిని బండే కాల్చేసుకునే పనికి వెళ్ళడం మొదలైంది. విప్పి చూస్తే ఫిల్టర్ నిండా బూడిద. ఎప్పట్నుంచో కొంత నిండి ఉన్నది ఈ ఆయిల్‌తో ఇంకా తొందరగా నిండిపోయింది, ఎందుకంటే ఆ ఆయిల్ మంచిదే గానీ పొగ ఫిల్టర్ లేని ఇంజిన్లకి చేసింది. ఆ సంగతి డబ్బా వెనకాల చిన్న అక్షరాల్లో రాసే ఉంది, మేం ఎవ్వరం చదవలేదు అంతే.

కాబట్టి ఆ చిన్న అక్షరాలు ఎలా చదవాలో, వాటిని మీ ఇంజిన్‌తో ఎలా జత చెయ్యాలో వరసగా చెప్తాను.

మొదటి పని: మాన్యువల్లో నాలుగు విషయాలు రాసుకోండి

కాగితం మీద రాసుకోండి లేదా ఫోన్‌లో ఫోటో తీసుకోండి. ఒకటి గ్రేడ్, అంటే 0డబ్ల్యూ-20, 5డబ్ల్యూ-30 లాంటిది. రెండోది స్పెసిఫికేషన్, అంటే ఏపీఐ ఎస్‌పీ అనో, ఏసీఈఏ సీ3 అనో (వీటి అర్థం మూడో పనిలో చెప్తాను), లేదా కార్ల కంపెనీ సొంత కోడ్, ఉదాహరణకి ఫోక్స్‌వాగన్ 504 00, మెర్సిడెస్ 229.52, బీఎండబ్ల్యూ లాంగ్‌లైఫ్-04, జీఎం డెక్సాస్ ఇలా. మూడోది ఫిల్టర్‌తో కలిపి ఎన్ని లీటర్లు పడుతుంది. నాలుగోది ఎన్ని కిలోమీటర్లకి లేదా ఎన్ని నెలలకి మార్చాలి.

ఇక్కడ చాలామంది గ్రేడ్ దగ్గరే ఆగిపోతారు, అసలు తప్పు అక్కడే జరుగుతుంది. గ్రేడ్ అనేది చిక్కదనం కొలత మాత్రమే. ఆ ఆయిల్లో ఏ కెమికల్స్ ఉన్నాయి, ఎంత బూడిద వదుల్తుంది, టర్బో వేడికి తట్టుకుంటుందా లేదా అనేదంతా స్పెసిఫికేషన్ చెప్తుంది. ఒకే 5డబ్ల్యూ-30 గ్రేడ్‌లో పక్కపక్కన పెట్టిన రెండు డబ్బాలు లోపల పూర్తిగా వేరే సరుకు అయ్యుండొచ్చు.

మాన్యువల్ పోయిందా, కంపెనీ సైట్లో మీ మోడల్, తయారైన సంవత్సరం కొడితే సాధారణంగా పీడీఎఫ్ దొరుకుతుంది. ఆయిల్ పోసే మూత మీద కూడా కొన్ని బండ్లకి గ్రేడ్ చెక్కి ఉంటుంది. ఇంజిన్ మాత్రం ఏదో కరెక్టుగా చూస్కోండి, ఒకే పేరున్న కారు పెట్రోల్లో ఒక ఇంజిన్, టర్బో పెట్రోల్లో ఇంకోటి, డీజిల్లో మూడోది వస్తుంది, మూడింటికీ ఆయిల్ వేరు. పక్కింటాయన అదే కారుకి ఏదో పోశాడు కదా అని మనం పోస్తే కుదరదు.

రెండో పని: గ్రేడ్ నంబర్లు అర్థం చేసుకోండి

డబ్ల్యూ అంటే వింటర్. దాని ముందున్న నంబరు చలిలో ఆయిల్ ఎంత తేలిగ్గా కదుల్తుందో చెప్తుంది. అమెరికా వాళ్ళ ఎస్‌ఏఈ సంస్థ పెట్టిన జే300 అనే ప్రమాణం ప్రకారం 0డబ్ల్యూ ఆయిల్‌ని మైనస్ 35 డిగ్రీల దగ్గర, 5డబ్ల్యూని మైనస్ 30 దగ్గర, 10డబ్ల్యూని మైనస్ 25 దగ్గర, 15డబ్ల్యూని మైనస్ 20 దగ్గర స్టార్టింగ్ టెస్ట్ చేస్తారు. రెండో నంబరు ఇంజిన్ వేడెక్కాక, 100 డిగ్రీల దగ్గర చిక్కదనం. చిక్కదనాన్ని సెంటిస్టోక్స్‌లో కొలుస్తారు, 20 గ్రేడ్ అంటే 6.9 నుంచి 9.3 సెంటిస్టోక్స్ లోపు, 30 అంటే 9.3 నుంచి 12.5 లోపు, 40 అంటే 12.5 నుంచి 16.3 లోపు.

మాకు మైనస్ చలి ఎక్కడుంది, ఈ మొదటి నంబరుతో పనేంటి అంటారు. ఉంది. మామూలు 5డబ్ల్యూ-30 ఆయిల్ 40 డిగ్రీల దగ్గర 60 సెంటిస్టోక్స్ పైనే ఉంటుంది, 100 దగ్గరికొచ్చేసరికి పదో పన్నెండో అవుతుంది, అంటే ఎండాకాలం పొద్దున్న స్టార్ట్ చేసినా ఇంజిన్ లెక్కలో అది చల్లగా, చిక్కగానే ఉన్నట్టు. ఆ మొదటి నిమిషాల్లో అరుగుదల ఎక్కువగా ఉంటుంది. ఆయిల్ ఎంత తొందరగా పైన క్యామ్‌షాఫ్ట్ దాకా ఎక్కితే అంత మేలు, సింథటిక్ వల్ల నిజంగా కలిసొచ్చేది ఇక్కడే.

ఇంకో అపోహ, 0డబ్ల్యూ-40 పల్చన 10డబ్ల్యూ-40 చిక్కన అనుకోవడం. వేడెక్కాక రెండూ 40 లెక్కలోకే వస్తాయి, తేడా చల్లగా ఉన్నప్పుడే.

ఇంకో కొలత కూడా ఉంది, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు గానీ నాకు మాత్రం అదే ముఖ్యం. దాన్ని హెచ్‌టీహెచ్‌ఎస్ అంటారు, 150 డిగ్రీల వేడిలో, బేరింగ్ సందులో నలిగిపోతున్నప్పుడు ఆయిల్ పొర ఎంత మందంగా నిలబడుతుందో చెప్పే కొలత. 20 గ్రేడ్‌కి కనీసం 2.6 (మిల్లీపాస్కల్-సెకన్ల లెక్కలో), 30కి కనీసం 2.9 ఉండాలి, 0డబ్ల్యూ-40కీ 5డబ్ల్యూ-40కీ కనీసం 3.5. ఏసీఈఏ సీ3, ఏ3/బీ4 అని రాసుంటే 3.5కి తగ్గదు, అది 30 గ్రేడ్ అయినా సరే. ఏ5/బీ5 అయితే 2.9 నుంచి 3.5 మధ్య. ఒకే 5డబ్ల్యూ-30 లోపల రెండు రకాలు ఉంటాయి అన్నది ఇందుకే.

అలాగని పల్చని ఆయిల్ చెప్పిన ఇంజిన్‌లో "ఎందుకైనా మంచిది" అని చిక్కది పోయకండి. 0డబ్ల్యూ-16, 0డబ్ల్యూ-20 కోసం చేసిన ఇంజిన్‌లో బేరింగ్ సందులు, ఆయిల్ పంపు, వాల్వ్ టైమింగ్ మార్చే సోలినాయిడ్లు అన్నీ దాని ప్రకారమే లెక్కేసి పెడతారు. మాన్యువల్లో రెండు మూడు గ్రేడ్లు ఇచ్చి ఉష్ణోగ్రత పట్టీ ఇస్తే అప్పుడు మీ వాతావరణం, మీ డ్రైవింగ్ చూసి ఎంచుకోండి, బరువు లాగేవాళ్ళు, గంటలకొద్దీ హైవే మీద స్పీడుగా పోయేవాళ్ళు ఆ పట్టీలో ఉన్న చిక్కని గ్రేడ్ వైపు వెళ్ళొచ్చు. పట్టీ దాటి మాత్రం వద్దు.

మూడో పని: స్పెసిఫికేషన్ చదవండి

ఏపీఐ అంటే అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్. ఎస్‌తో మొదలైతే పెట్రోల్, సీతో మొదలైతే డీజిల్. పెట్రోల్లో ఎస్‌ఎన్ 2010లో, ఎస్‌పీ 2020లో, ఎస్‌క్యూ 2025లో వచ్చాయి. పెట్రోల్ వరసలో కొత్తది పాతదాని స్థానంలో వాడొచ్చు, అంటే మాన్యువల్లో ఎస్‌ఎమ్ అని ఉంటే ఎస్‌పీ పోసుకోవచ్చు, పాతది తెచ్చి కొత్త ఇంజిన్‌లో మాత్రం పోయకూడదు.

ఏసీఈఏ అంటే యూరప్ కార్ల కంపెనీల సంఘం. ఇక్కడ కొత్తా పాతా అనే లెక్క నడవదు, ఒక్కో అక్షరం ఒక్కో రకం ఇంజిన్‌కి. ఏ/బీ అని ఉంటే పొగ ఫిల్టర్ లేని ఇంజిన్లకి, సీ అని ఉంటే డీపీఎఫ్ (డీజిల్ పొగ ఫిల్టర్), జీపీఎఫ్ (పెట్రోల్ పొగ ఫిల్టర్) లాంటివి ఉన్న వాటికి. సీ3లో బూడిద 0.8 శాతం దాటకూడదు, సీ4లో 0.5 శాతం దాటకూడదు, ఏ3/బీ4లో దానికన్నా బాగా ఎక్కువ ఉంటుంది. మా బావ బండి కథ మొత్తం ఈ ఒక్క తేడాలోనే ఉంది. మసి అయితే రీజెనరేషన్‌లో కాలిపోతుంది, ఆయిల్లోని క్యాల్షియం, జింకు లాంటి వాటి నుంచి వచ్చే బూడిద కాలదు, ఫిల్టర్లోనే ఉండిపోతుంది.

కంపెనీ సొంత కోడ్ ఉంటే అన్నిటికన్నా దానికే విలువివ్వండి. డబ్బా మీద మాటలు కూడా జాగ్రత్తగా చూడండి, "అప్రూవల్" అని ఉంటే ఆ కార్ల కంపెనీ టెస్ట్ చేసి ఒప్పుకుంది అని, "ఈ అవసరాలకి తగినది", "సిఫార్సు" అని ఉంటే ఆయిల్ అమ్మేవాడు తన మాటగా చెప్తున్నాడు అని. రెండోది తప్పనిసరిగా అబద్ధం అని కాదు, కానీ వారంటీలో ఉన్న బండికి నేనైతే అప్రూవల్ ఉన్నదే వెతుకుతాను. కోడ్ నంబరు పెద్దదైతే మంచిది అనుకోకండి కూడా, ఫోక్స్‌వాగన్ 508 00 అనేది పల్చని 0డబ్ల్యూ-20, దాన్ని 504 00 అడిగే పాత ఇంజిన్‌లో పోయకూడదు.

నాలుగో పని: సింథటిక్ అనే మాటని ఎంతవరకు నమ్మాలి

అడిటివ్‌లు కలపక ముందుండే అసలు నూనెని బేస్ ఆయిల్ అంటారు, దాన్ని గ్రూపులుగా విడగొడతారు. ముడి చమురుని సాదాగా శుద్ధి చేస్తే వచ్చేది గ్రూప్ 1, ఇంకాస్త బాగా చేస్తే గ్రూప్ 2. హైడ్రోజన్‌తో తీవ్రమైన ఒత్తిడిలో దాని అణువుల్నే మార్చేస్తే గ్రూప్ 3. పీఏఓ అనే, రసాయనికంగా మొదట్నుంచీ తయారుచేసిన అణువులు గ్రూప్ 4, ఎస్టర్లు మిగతావి గ్రూప్ 5. గ్రూప్ 3ని సింథటిక్ అనొచ్చా లేదా అని అమెరికాలో మొబిల్, క్యాస్ట్రాల్ మధ్య పెద్ద గొడవ జరిగి 1999లో అనొచ్చని తేలింది. అప్పట్నుంచి చాలా "ఫుల్ సింథటిక్" ఆయిల్స్ గ్రూప్ 3వే. సెమీ సింథటిక్ అంటే మినరల్లో కొంత సింథటిక్ కలిపింది, ఎంత కలిపారో చెప్పక్కర్లేదు.

ఇది విని గ్రూప్ 3 మోసం అని కొట్టిపారేయకండి, ఈ రోజుల్లో బాగా చేసిన గ్రూప్ 3 ఆయిల్ చాలా గట్టి టెస్టులు పాసవుతుంది. పీఏఓ ఉందా ఎస్టర్ ఉందా అని రాత్రంతా వెతికే బదులు సరైన అప్రూవల్ ఉందా అని చూడండి, ఆ అప్రూవల్ టెస్టులో బేస్ ఆయిల్, అడిటివ్‌లు అన్నీ కలిపి పరీక్షిస్తారు.

ఐదో పని: మీ ఇంజిన్ రకం చూసి తేల్చుకోండి

టర్బో లేని మామూలు పెట్రోల్ ఇంజిన్‌తో పెద్ద తంటా లేదు. మాన్యువల్ గ్రేడ్, ఏపీఐ ఎస్‌పీ, అయిపోయింది.

టర్బో ఉండి నేరుగా సిలిండర్లోకి పెట్రోల్ కొట్టే ఇంజిన్ అయితే కాస్త ఆగి ఆలోచించాలి. టర్బో షాఫ్ట్ నిమిషానికి లక్ష తిరుగుళ్ళు దాటి తిరుగుతుంది, దాన్ని మోసేది పల్చని ఆయిల్ పొరే. వేడి మీద ఇంజిన్ టక్కున ఆపేస్తే అక్కడ నిలిచిపోయిన ఆయిల్ మాడి పెచ్చు కడుతుంది, సింథటిక్ ఇందులో మినరల్ కన్నా చాలా నయం. రెండోది ఎల్‌ఎస్‌పీఐ అనే సమస్య, తక్కువ ఆర్‌పీఎంలో ఎక్కువ లోడు పడ్డప్పుడు సిలిండర్ గోడ మీద నుంచి ఎగిరిన ఆయిల్-పెట్రోల్ బొట్టు స్పార్క్ కన్నా ముందే అంటుకుని పిస్టన్‌ని పగలగొట్టేంత దెబ్బ కొడుతుంది. ఆయిల్లో క్యాల్షియం డిటర్జెంట్ ఎక్కువుంటే ఇది పెరుగుతుందని తేలాక క్యాల్షియం తగ్గించి మెగ్నీషియం కలపడం మొదలుపెట్టారు, ఏపీఐ ఎస్‌పీలో దీనికి టెస్ట్ పెట్టారు, టైమింగ్ చైన్ అరుగుదలకి కూడా పెట్టారు. అందుకే ఈ ఇంజిన్లకి ఎస్‌పీ కన్నా తక్కువది వద్దే వద్దు. పనిలో పని, పెద్ద గేర్‌లో 1500 ఆర్‌పీఎం దగ్గర యాక్సిలరేటర్ మొత్తం తొక్కే అలవాటుంటే మానుకుని గేర్ తగ్గించండి. ఈ రకం ఇంజిన్లలో పెట్రోల్ కొంచెం ఆయిల్లోకి దిగి పల్చన చేస్తుంది కూడా, రోజూ రెండు మూడు కిలోమీటర్లే తిరిగే బండైతే మార్చే గడువు సగానికి తగ్గించుకోవడం మంచిది.

డీజిల్లో డీపీఎఫ్ ఉందా లేదా అన్నదే మొదటి ప్రశ్న. ఉంటే ఏసీఈఏ సీ రకం లేదా కంపెనీ చెప్పిన తక్కువ బూడిద ఆయిల్ తప్ప ఇంకోటి ముట్టుకోవద్దు. డీపీఎఫ్ లేని పాత డీజిల్‌కి, పైగా డీజిల్లో సల్ఫర్ ఎక్కువుండే చోటైతే, ఏ3/బీ4 లాంటివే మేలు, ఎందుకంటే సల్ఫర్ నుంచి పుట్టే యాసిడ్‌ని చంపే శక్తి వాటిలో ఎక్కువ. డీజిల్ ఆయిల్ పోసిన కొద్ది రోజులకే నల్లబడితే గాబరా పడకండి, మసిని పట్టుకుని తనలో తేలించుకోవడమే దాని పని, అది నల్లబడిందంటే పని చేస్తున్నట్టే.

హైబ్రిడ్‌లో ఇంజిన్ మాటిమాటికి ఆగుతుంది, మళ్ళీ స్టార్ట్ అవుతుంది, పూర్తిగా వేడెక్కదు, దాంతో తేమ, పెట్రోల్ ఆయిల్లో చేరుతుంటాయి. ఇంధనం ఆదా కోసం, చల్లగా ఉన్నా ఆయిల్ తొందరగా కదలడం కోసం 0డబ్ల్యూ-20, 0డబ్ల్యూ-16, జపాన్లో 0డబ్ల్యూ-8 దాకా వెళ్ళారు. తక్కువ కిలోమీటర్లు తిరిగిందని వదిలెయ్యకుండా నెలల గడువు ప్రకారం మార్చండి.

ఆయిల్లో మునిగి తిరిగే టైమింగ్ బెల్టు ఉన్న ఇంజిన్లు కొన్ని వచ్చాయి. వీటి విషయంలో నేను అస్సలు రాజీపడను. సరిపడని ఆయిల్ పోసినా, మార్చడం ఆలస్యం చేసి ఆయిల్లో పెట్రోల్ చేరనిచ్చినా రబ్బరు ఉబ్బి పీలికలై ఆయిల్ పంపు జాలీకి అడ్డం పడుతుంది, ఆయిల్ ప్రెషర్ పోతుంది, ఇంజిన్ సీజ్ అవుతుంది. కంపెనీ కోడ్ ఉన్న ఆయిల్ తప్ప ఎంత పేరున్న బ్రాండ్ అయినా వద్దు.

బాగా పాత ఇంజిన్లు, అంటే క్యామ్ నేరుగా ఫ్లాట్ ట్యాపెట్ మీద రాసుకునేవి, వాటికి జెడ్‌డీడీపీ అనే జింక్-ఫాస్ఫరస్ అడిటివ్ ఎక్కువ కావాలి. ఇప్పటి పల్చని పెట్రోల్ ఆయిల్స్‌లో క్యాటలిటిక్ కన్వర్టర్ పాడవకుండా ఫాస్ఫరస్‌ని 800 పీపీఎం దగ్గర ఆపేశారు, కాబట్టి పాత బండ్ల కోసం ప్రత్యేకంగా చేసినవి తీసుకోండి. కిలోమీటర్లు బాగా తిరిగి ఆయిల్ తాగుతున్న బండికి సీళ్ళని మెత్తబరిచే హై మైలేజ్ ఆయిల్ కొంతవరకు సాయపడుతుంది, రింగులే పోయి బోరుకొచ్చిన ఇంజిన్‌ని ఏ ఆయిలూ బాగు చెయ్యదు.

ఆరో పని: కొనేటప్పుడు

సీల్ చూడండి, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ చెరిగిపోయి ఉంటే తీసుకోవద్దు. ఏపీఐ గుండ్రటి ముద్ర ఉంటే ఆ బ్రాండ్‌కి నిజంగా లైసెన్స్ ఉందా లేదా ఏపీఐ సైట్లో వెతుక్కోవచ్చు. ఇంజిన్‌కి 3.6 లీటర్లు పడితే 4 లీటర్లు కొని మిగిలింది డిక్కీలో ఉంచుకోండి, తర్వాత టాప్ అప్‌కి పనికొస్తుంది. నోవాక్ అనే నంబరు డేటా షీట్లో దొరికితే చూడండి, 250 డిగ్రీల దగ్గర గంటలో ఎంత ఆవిరైపోతుందో చెప్తుంది, ఏసీఈఏలో చాలా రకాలకి 13 శాతం గరిష్ఠం, 10 లోపుంటే నాకు సంతోషం. బైక్ ఆయిల్ కారులో వద్దు, అది క్లచ్ జారకుండా ఉండేలా చేసింది.

విడిగా అమ్మే అడిటివ్ సీసాలు కొనకండి. ఆయిల్లో అన్నీ కొలతేసి కలిపి టెస్ట్ చేసి పంపిస్తారు, మీరు ఇంకోటి పోస్తే ఆ కొలత చెడుతుంది.

ఏడో పని: పోశాక

మినరల్ నుంచి సింథటిక్‌కి నేరుగా మారొచ్చు, ఫ్లష్ అక్కర్లేదు, కొత్త ఫిల్టర్ మాత్రం తప్పనిసరి, డ్రెయిన్ బోల్ట్ వాషర్ కూడా కొత్తది వెయ్యమని అడగండి. ఎప్పుడో లెవల్ పడిపోయి దారిలో ఇంకో బ్రాండే దొరికితే అదే గ్రేడ్, వీలైతే అదే స్పెసిఫికేషన్ చూసి పోసెయ్యండి, ఆయిల్ లేకుండా నడపడం కన్నా వేరే ఆయిల్ కలవడం వెయ్యి రెట్లు మేలు.

మాన్యువల్లో వేరేగా చెప్పకపోతే చదునైన చోట బండి ఆపి, ఇంజిన్ వేడి మీద ఆపాక ఐదు పది నిమిషాలు ఆగి డిప్‌స్టిక్ తీసి తుడిచి మళ్ళీ పెట్టి చూడండి. రెండు గుర్తుల మధ్య ఉంటే చాలు. ఎక్కువ పోస్తే క్రాంక్ దాన్ని చిలికి నురగ చేస్తుంది, నురగ బేరింగులకి పనికిరాదు, పై గుర్తు దాటితే తీయించెయ్యండి. డీపీఎఫ్ ఉన్న డీజిల్లో, టర్బో పెట్రోల్లో లెవల్ దానంతటదే పెరుగుతోందంటే ఆయిల్లోకి ఇంధనం దిగుతున్నట్టు, ఆయిల్ మార్చేసి కారణం వెతికించాలి.

గడువు విషయానికొస్తే, మాన్యువల్లో సాధారణ వాడకం, కఠిన వాడకం అని రెండు పట్టీలు ఉంటాయి. ట్రాఫిక్‌లో గంటలు నిలబడటం, దుమ్ము, చిన్న చిన్న దూరాలు, బరువు లాగడం, ఇవన్నీ కఠిన వాడకం కిందికే వస్తాయి, నిజం చెప్పాలంటే మనలో ఎక్కువమంది బండ్లు అందులోనే ఉంటాయి. డబ్బా మీద ఇన్ని వేల కిలోమీటర్లు వస్తుందని రాసినా నేను మాన్యువల్ గడువు దాటను.

పోసిన తేదీ, మీటర్ రీడింగ్, ఆయిల్ పేరు, స్పెసిఫికేషన్ ఒక చీటీ మీద రాసి బానెట్ లోపల అంటించండి, డబ్బా లేబుల్ ఫోటో, బిల్లు ఫోన్లో దాచండి. తర్వాత 1000 కిలోమీటర్లకి ఒకసారి లెవల్ చూడండి, డ్రెయిన్ బోల్ట్ దగ్గర, ఫిల్టర్ చుట్టూ చెమ్మ ఉందేమో వంగి చూడండి. తీసిన పాత ఆయిల్‌ని మాత్రం కాలవలో గానీ మట్టిలో గానీ పారబోయనివ్వకండి, మూత ఉన్న డబ్బాలో పట్టించి పాత ఆయిల్ సేకరించేవాళ్ళకి ఇచ్చెయ్యండి.